మంచు ఊళ్ళో స్కీల స్టాండు



అమెరికాలోని డెన్వర్ నగరం నుంచి రాకీ పర్వతాల్లోకి పడమరగా దాదాపు 160 కిలోమీటర్లు వెళితే వెయిల్ అనే ఊరు వస్తుంది. కొలరాడో రాష్ట్రంలో, సముద్రమట్టానికి ఇంచుమించు 2,500 మీటర్ల ఎత్తున, గోర్ క్రీక్ అనే ఏటి వెంట సన్నని లోయలో ఉంటుంది. 2020 జనగణన ప్రకారం అక్కడ స్థిరంగా నివసించేవాళ్ళు 4,835 మంది. జనాభాలో మన దగ్గర ఒక పెద్ద పంచాయతీ పాటి ఊరు. కానీ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, మంచు కాలంలో, ఆ ఊరికి వచ్చిపోయే జనం దానికి ఎన్నో రెట్లు. ఊరికి దక్షిణంగా ఉన్న కొండ మీద స్కీయింగ్ చేయడానికి, అంటే స్కీలనే పొడవాటి పలకలు కాళ్ళకు బిగించుకుని మంచు మీద జారడానికి, దేశదేశాల నుంచి వస్తారు. డెన్వర్ చుట్టుపక్కల స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు కూడా సెలవుల్లో పిల్లలను వెంటబెట్టుకుని ఆ కొండల వైపు వెళుతుంటాయి.

అలాంటి ఊళ్ళో వీధి పక్కన స్కీలను నిలబెట్టే స్టాండ్ల గురించి, వాటికి ఉండవలసిన నియమాల గురించి ఈ రోజు మాట్లాడతాను.

ముందు ఆ ఊరు ఎలా పుట్టిందో చెప్పాలి. వెయిల్‌లో కొండ మీద స్కీయింగ్ 1962 డిసెంబరు 15న మొదలైంది. దాన్ని తలపెట్టినవాళ్ళలో ముఖ్యులు ఇద్దరు, పీట్ సైబర్ట్, ఎర్ల్ ఈటన్. సైబర్ట్ రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యపు పదో పర్వత దళంలో పనిచేసి, ఇటలీలో తీవ్రంగా గాయపడి తిరిగివచ్చినవాడు. జనాన్ని కొండ పైకి చేర్చే లిఫ్టు వాళ్ళు కట్టిన నాలుగేళ్ళకు, 1966లో, వెయిల్ ఒక పట్టణంగా ఏర్పడింది. అంటే ముందు కొండకు దారి పడింది, తరవాత ఆ దారి మొదట్లో ఊరు వెలిసింది. 1970లలో ఎల్డన్ బెక్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ ఆ ఊరి నడిబొడ్డును మనుషులు నడవడానికి అనువుగా తీర్చిదిద్దాడు. కెనడాలోని విస్లర్ స్కీ గ్రామానికి రూపం ఇచ్చినవాడు కూడా ఆయనే. కార్లు ఊరి అంచున పెద్ద పార్కింగ్ భవనాల్లో ఆగిపోతాయి. ఊళ్ళో తిరగడానికి పట్టణమే ఉచితంగా బస్సులు నడుపుతుంది. లోపలి వీధులు నడిచేవాళ్ళవి.

స్టాండు అవసరం ఈ నడక దగ్గరే మొదలవుతుంది. కారును లిఫ్టు దాకా తీసుకుపోలేరు కాబట్టి సామాను భుజాన వేసుకుని నడవాలి. ఆ సామాను తేలికైనది కాదు. పెద్దవాళ్ళ స్కీ ఒక్కొక్కటి ఒకటిన్నర మీటరు నుంచి రెండు మీటర్లకు కాస్త తక్కువ దాకా, దాదాపు మనిషెత్తు ఉంటుంది. పాదాన్ని బిగించే అమరికతో కలిపి జత బరువు ఐదారు కిలోలు. వాటి కింద అంచుల వెంట సన్నని ఉక్కు పట్టీ ఉంటుంది. గట్టిపడిన మంచును కోసుకుంటూ పోవడానికి దాన్ని పదును పెట్టి ఉంచుతారు. వీటికి తోడు రెండు ఊతకర్రలు. కాళ్ళకు గట్టి ప్లాస్టిక్ బూట్లు. చీలమండను కదలనీయవు కాబట్టి వాటితో మామూలు మెట్లు దిగడం కూడా కష్టమే.

అలాంటి మనిషి మధ్యాహ్నం కొండ దిగి వచ్చి భోజనానికి వెళ్ళాలనుకుంటాడు. స్కీలను హోటల్లోకి తీసుకుపోతే నేలంతా మంచు కరిగిన నీళ్ళు, బల్లల మధ్య పదునైన ఉక్కు అంచులు. బయట గోడకు ఆనిస్తే నిలవవు. జారడానికి చేసిన వస్తువు గోడ మీద మాత్రం ఎందుకు నిలుస్తుంది? ఒకటి జారితే పక్కనున్నవాటిని కూడా పడదోస్తుంది. అందుకే స్టాండు కావాలి. మన గుళ్ళ దగ్గర చెప్పుల స్టాండు ఎందుకు పుట్టిందో ఇది కూడా అందుకే పుట్టింది. లోపలికి తీసుకుపోలేనిది, వీధిలో వదిలిపోలేనిది ఎక్కడో ఒకచోట పెట్టాలి.

పెట్టాలి సరే, ఎవరి జాగాలో? నిజమైన చిక్కు అక్కడుంది.

వెయిల్ వంటి ఊళ్ళో జాగా ఒకే రకంగా ఉండదు. కొండ వాలు చాలావరకు వైట్ రివర్ జాతీయ అటవీ భూమి. అమెరికా అటవీ శాఖ ఇచ్చిన అనుమతి మీద అక్కడ స్కీ కంపెనీ లిఫ్టులు నడుపుతుంది. కొండ మీది భోజనశాల ముందున్న స్టాండ్ల మంచిచెడ్డలు ఆ అనుమతి పరిధిలోకి వస్తాయి. వీధి పట్టణానిది. వీధికీ దుకాణం గుమ్మానికీ మధ్య ఉన్న కొద్దిపాటి జాగా కట్టడం యజమానిది. నడిచేవాడి కళ్ళకు మాత్రం ఇవేవీ వేరుగా కనబడవు. ఒకే రాతి పరుపు గుమ్మం దాకా పరిచి ఉంటుంది. దుకాణదారు స్టాండును ఒక అడుగు ముందుకు జరిపితే అది తన జాగా దాటి వీధిలోకి వచ్చిందని ఎవరూ గుర్తించరు. పక్కవాడు చూసి తనూ ఒక అడుగు జరుపుతాడు. ఎదురుగా ఉన్నవాడు మాత్రం ఊరుకుంటాడా? మూడో శీతకాలానికి వీధి సన్నబడిపోతుంది. ఎవరూ దురుద్దేశంతో చేసింది కాదు. కానీ అందరూ కలిసి చేసిన ఆక్రమణే.

కాబట్టి మంచి నియమం మొదట చేయవలసిన పని గీత గీయడం. స్టాండు సొంత జాగాలో ఉంటే దాని ఆకారం, ఎత్తు, రంగు పరిశీలిస్తే చాలు. వెయిల్‌లో కట్టడాల రూపురేఖలను పరిశీలించడానికి డిజైన్ రివ్యూ బోర్డు అనే సంఘం ఉంది. వీధిలోకి వచ్చే దేనికైనా మాత్రం పట్టణం అనుమతి ముందుగా ఉండాలి. వీధి మీద హక్కు ఇచ్చే అధికారం పట్టణానికే కదా.

రెండో పని దారి కొలవడం. ఇక్కడ అంకెలు అవసరం. అమెరికాలో 1990లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. దాని కింద రూపొందిన ప్రమాణాల ప్రకారం చక్రాల కుర్చీ పోయే దారి కనీసం 36 అంగుళాలు, అంటే 91 సెంటీమీటర్లు ఖాళీగా ఉండాలి. అదే ప్రమాణాల్లో ఇంకో నిబంధన ఉంది. నేల నుంచి 27 అంగుళాలకూ 80 అంగుళాలకూ మధ్య ఎత్తులో గోడకున్న ఏ వస్తువూ నడిచే దారిలోకి 4 అంగుళాలకు మించి పొడుచుకు రాకూడదు. ఎందుకంటే చూపులేని మనిషి చేతికర్ర నేల దగ్గరున్న వస్తువును పసిగడుతుంది గానీ, నడుము ఎత్తునో ముఖం ఎత్తునో గాలిలోకి పొడుచుకు వచ్చిన దాన్ని పసిగట్టలేదు. ఇప్పుడు స్కీల స్టాండును ఊహించుకోండి. మనిషెత్తు స్కీలు వరసగా, కొనలు కాస్త ముందుకు వంగి, సరిగ్గా ముఖం ఎత్తున ఉంటాయి. ఖాళీ స్టాండును కొలిచి సరిపోయిందనుకుంటే పొరపాటు. స్కీలతో నిండిన స్టాండును కొలవాలి. స్కీలను తీసుకునే మనిషి నిలబడే జాగా కూడా ఆ కొలతలో చేరాలి.

మంట రేగితే ఏమిటన్నది మరో లెక్క. అమెరికాలో చాలా పట్టణాలు పాటించే అంతర్జాతీయ అగ్నిమాపక నియమావళి, అగ్నిమాపక వాహనం పోయే దారి అడ్డులేకుండా కనీసం 20 అడుగుల వెడల్పు ఉండాలంటుంది. కార్లు తిరగని వీధి కాబట్టి ఏం పెట్టినా పరవాలేదనుకోవడానికి లేదు. కార్లు రాకపోయినా అంబులెన్సు, ఫైరింజను రావాలి. అత్యవసర ద్వారం ముందు, మెట్ల పాదాల దగ్గర ఒక్క జత స్కీలు అడ్డంగా పడినా, పొగలో పరుగెత్తి వచ్చేవాళ్ళు వాటి మీదే పడతారు.

మంచు ఊరు కాబట్టి మనకు తోచని జాగ్రత్తలు మరికొన్ని ఉన్నాయి. వెయిల్ కొండ మీద ఏటా దాదాపు 9 మీటర్ల మంచు కురుస్తుంది. ఏటవాలు కప్పుల మీద పేరుకున్న మంచు ఎండ తగిలినప్పుడు ఒక్కసారిగా జారిపడుతుంది. చూరు కింద స్టాండు పెట్టడమంటే, వంగి బూట్లు సర్దుకునే మనుషులను సరిగ్గా ఆ మంచు పడే చోట నిలబెట్టడమే. స్కీల నుంచి కారిన నీరు రాత్రికి గడ్డకట్టి, పొద్దున్నే మొదట వచ్చినవాడి కాలు జారేలా చేస్తుంది. కాబట్టి స్టాండు కింద నీరు పోయే దారి ఉండాలి. నలభై జతలు పట్టే స్టాండు నిండితే రెండు వందల కిలోల పైమాట. గాలికి పడిపోకుండా దాన్ని నేలకు బిగించాలి. అలాగని ఎక్కడ పడితే అక్కడ రంధ్రం చేయకూడదు. వెయిల్ నడిబొడ్డున చాలా వీధులు కింద నుంచి వేడి చేసినవి. రాతి పరుపు అడుగున గొట్టాలు పరిచి, వాటిలో వెచ్చని ద్రవం పారించి మంచు కరిగిస్తారు. ఒక్క బోల్టు ఆ గొట్టాన్ని చీలిస్తే బాగుచేయడానికి వీధి తవ్వాలి. ‘నా గుమ్మం ముందు నాలుగు బోల్టులు వేసుకోవడానికి కూడా అనుమతా?’ అని దుకాణదారు అడిగితే, ఆ ప్రశ్నకు జవాబు నేల కిందే ఉంది.

ఇక అన్నిటికంటే పెద్ద విషయానికి వస్తాను. అది డబ్బు.

లిఫ్టుకు దగ్గరగా స్కీలు పెట్టుకునే చోటు ఉంటే సందర్శకుడికి పెద్ద సుఖం. రోజూ మోసుకు తిరగనక్కరలేదు. ఆ సుఖానికి డబ్బిచ్చేవాళ్ళున్నారు కాబట్టి అది వ్యాపారమైంది. వెయిల్ పట్టణ నిబంధనల్లో ఈ వ్యాపారానికి ప్రత్యేకంగా ఒక నిర్వచనం ఉంది. స్కీలు, స్నోబోర్డులు, బూట్లు, కర్రలు, దుస్తులు గంటకో రోజుకో నెలకో రుసుము తీసుకుని దాచిపెట్టే చోటు వాణిజ్య నిల్వ కిందికి వస్తుంది. లాడ్జి తన అతిథులకు రుసుము లేకుండా ఇచ్చే వసతి దాని కిందికి రాదు. ఊరి పాత నడిబొడ్డున ఈ వాణిజ్య నిల్వకు కేటాయించిన చోటు నేలమాళిగ, లేదా వీధి మట్టానికి కాస్త దిగువన ఉండే అంతస్తు. వీధి మట్టంలో దుకాణాలు, భోజనశాలలు ఉండాలని ఆ నిబంధనల ఉద్దేశం.

ఇది తెలివైన ఆలోచన అని నేను నమ్ముతాను. స్కీలు దాచే గది లాభసాటి అని వీధి మట్టంలోని గదులన్నీ గోదాములైపోతే, నడిచేవాళ్ళకు చూడటానికి మూసిన తలుపులే మిగులుతాయి. సాయంత్రం లిఫ్టులు ఆగాక వీధి చీకటిపడిపోతుంది. ఊరిని చూద్దామని వచ్చినవాళ్ళకు ఊరే లేకుండా పోతుంది.

గది లోపలి నిల్వకు ఇంత కట్టుబాటు పెట్టి ఆరుబయట స్టాండును పట్టించుకోకపోతే ఏమవుతుందో ఆలోచించండి. నేలమాళిగకు అద్దె కట్టనక్కరలేదు. లిఫ్టు దగ్గర నాలుగు స్టాండ్లు పెట్టి, ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టి, చీటీలిచ్చి డబ్బు వసూలు చేయవచ్చు. దూరంగా ఉన్న హోటలు తన అతిథుల కోసమని ఇంకొకరి గుమ్మం ముందు స్టాండు వేయించుకోవచ్చు. గది లోపల కుదరని వ్యాపారం గది బయట, అందరి నేల మీద, అద్దె లేకుండా సాగిపోతుంది. నిబంధన పాటించి నేలమాళిగకు అద్దె కట్టినవాడు నష్టపోతాడు. నియమం పాటించినవాణ్ణి నష్టపెట్టే నియమం ఎక్కువ కాలం నిలవదు.

అందుకని ఆరుబయట స్టాండ్ల విషయంలో నాకు న్యాయంగా తోచేది ఇది. గంటా రెండు గంటలు, భోజనానికో కాఫీకో ఆగినవాళ్ళు ఉచితంగా వాడుకునే స్టాండును స్వాగతించాలి. దానికి అనుమతి సులువుగా, తక్కువ ఖర్చుతో రావాలి. రుసుము తీసుకునేది, రాత్రంతా సామాను ఉంచేది, ఒక హోటలు అతిథులకే పరిమితమైనది సొంత జాగాలో, గది లోపల ఉండాలి. వీధిలో కూడదు. స్టాండు మీద కంపెనీ పేర్లు, బొమ్మలు నింపితే అది ప్రకటన బోర్డు అవుతుంది కాబట్టి బోర్డులకున్న నియమమే దానికీ వర్తించాలి. మంచు కాలం అయిపోగానే స్టాండు తీసేయాలి; వేసవిలో అదే చోట సైకిళ్ళకో కుర్చీలకో అవసరం ఉంటుంది.

దుకాణదారుల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. గుమ్మం ముందు సొంత జాగా ఉన్న పెద్ద హోటలుకు ఈ నియమాలతో ఇబ్బంది లేదు. గుమ్మం నేరుగా వీధిలోకి తెరుచుకునే చిన్న కాఫీ దుకాణం మాటేమిటి? ఆ దుకాణదారుకు స్టాండు పెట్టే చోటే లేదు. స్కీలు పెట్టడానికి చోటు లేదని వచ్చినవాడు వెనుదిరిగిపోతాడు. ఇది నిజమైన బాధ. దీనికి మందు నియమాన్ని సడలించడం కాదు; పట్టణమే తన ఖర్చుతో, నాలుగు కూడళ్ళలో, కొలత ప్రకారం, అందరికీ పనికొచ్చే స్టాండ్లు వేయడం. బల్లలు, దీపాలు, చెత్తబుట్టలు పట్టణం వేస్తున్నప్పుడు మంచు ఊళ్ళో స్కీల స్టాండు కూడా వాటి సరసన చేరవలసిందే.

అలా వేసేటప్పుడు ఒకరిని మరిచిపోకూడదు. కాళ్ళు పనిచేయనివాళ్ళు కూడా కూర్చుని చేసే స్కీతో ఆ కొండల మీద దిగుతారు. అదే కొలరాడోలోని వింటర్ పార్క్‌లో 1970 నుంచీ వికలాంగులకు స్కీయింగ్ నేర్పుతున్నారు. వాళ్ళు కొండ ఎక్కేటప్పుడు తమ చక్రాల కుర్చీని కింద వదిలి వెళతారు. తిరిగి వచ్చేసరికి ఆ కుర్చీ అక్కడే, పొడిగా, ఎవరూ జరపకుండా ఉండాలి. స్కీల కోసం అంగుళాలు లెక్కపెట్టే ప్రణాళికలో ఆ కుర్చీకి కప్పున్న చోటు ఒకటి గీసి ఉంచాలి. అది లేని ప్రణాళిక ఎంత అందంగా గీసినా అసంపూర్ణమే.

దొంగతనం మాట కూడా చెప్పాలి. మంచి స్కీల జత ఖరీదు వందల డాలర్లు. ఉచిత స్టాండులో పెట్టినది పోతే స్టాండు పెట్టినవాణ్ణి పట్టుకోవడం కష్టం, ఎందుకంటే మీరు దాన్ని ఎవరి చేతికీ అప్పగించలేదు. మనిషి చేతికిచ్చి చీటీ తీసుకుంటే సంగతి వేరు. పుచ్చుకున్నవాడికి జాగ్రత్త చూసే బాధ్యత ఏర్పడుతుంది. మన దేశంలో 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షను చెప్పేది కూడా అదే. తన వస్తువును మామూలు వివేకం ఉన్న మనిషి ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, అప్పగించుకున్న వస్తువునూ అంత జాగ్రత్తగా చూడాలి. కాబట్టి ప్రతి ఉచిత స్టాండు మీదా ‘ఇక్కడ కాపలా లేదు’ అని స్పష్టంగా రాయించాలి. అదీ నియమంలో భాగమే.

నియమం ఎలా చేశారన్నది కూడా ముఖ్యమే. వెయిల్‌లో భూవినియోగం మీద మార్పు తేవాలంటే ప్రణాళిక, పర్యావరణ కమిషన్ పరిశీలించాలి, ఆ తరవాత ఏడుగురు సభ్యుల టౌన్ కౌన్సిల్ బహిరంగ సమావేశంలో చర్చించాలి. హోటలు యజమాని, దుకాణదారు, అక్కడే ఇల్లున్న పౌరుడు లేచి తన మాట చెప్పుకోవచ్చు. ఒక స్టాండు కోసం ఇంత తతంగమా అనిపించవచ్చు. నాకు మాత్రం ఇది అనవసరమనిపించదు. తన మాట విన్న తరవాత చేసిన నియమాన్ని మనిషి నచ్చకపోయినా పాటిస్తాడు. రాత్రికి రాత్రి అధికారి వచ్చి స్టాండు ఎత్తుకుపోతే, మర్నాడు ఇంకొకటి అక్కడే వెలుస్తుంది. జరిమానా వేయవలసి వస్తే స్టాండు పెట్టినవాడికి వేయాలి, అందులో స్కీలు పెట్టిన అతిథికి కాదు. అతిథికి ఆ గీత ఎక్కడుందో తెలిసే అవకాశం లేదు.

మన హిమాలయాల్లో గుల్మార్గ్, ఔలీ వంటి చోట్ల కూడా స్కీయింగ్ ఉంది. గుల్మార్గ్‌లో 2020 నుంచి ఖేలో ఇండియా శీతకాల క్రీడలు జరుగుతున్నాయి. క్రీడ పెరిగిన చోట హోటళ్ళు, దుకాణాలు, అద్దె సామాను పెరుగుతాయి. అక్కడ పనిచేసే అధికారులకు, వ్యాపారులకు నా మనవి ఒకటే. లిఫ్టు దగ్గర జాగా ఖాళీగా ఉన్నప్పుడే గీత గీయండి. జాగా నిండిపోయాక ఒక స్టాండు తీయించడం ఒక కొత్త నియమం చేయడంకన్నా పది రెట్లు కష్టం.

ఇక కొలరాడోలో ఉన్న మన తెలుగువాళ్ళకు, వాళ్ళను చూడటానికి వెళ్ళే తల్లిదండ్రులకు కొన్ని మాటలు. మీ స్కీలను గోడకు, రెయిలింగుకు, మెట్లకు ఆనించకండి. రెండు స్కీలను అడుగులు ఎదురెదురుగా కలిపితే వాటి బ్రేకులు ఒకదానిలో ఒకటి చిక్కి జత విడిపోకుండా ఉంటుంది. అలా కలిపి స్టాండులో నిలువుగా పెట్టండి. ఎక్కువసేపు వదిలి వెళ్ళేటప్పుడు చిన్న కేబుల్ తాళం వేయండి. తాళం లేకపోతే మీ ఒక స్కీని, మీ స్నేహితుడి ఒక స్కీని జతచేసి ఒక స్టాండులో, మిగిలిన రెంటిని వేరే స్టాండులో పెట్టండి. సరిపడని జతను ఎవరూ ఎత్తుకుపోరు. స్కీల మీదున్న నంబరు ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి. స్టాండు నిండి ఉంటే ఇంకో స్టాండు దాకా నడవండి. మీరు ఖాళీగా వదిలిన ఆ మూడడుగుల దారిలో చక్రాల కుర్చీలో ఒకరు, చేతికర్రతో ఒకరు రావలసి ఉందని పిల్లలకు చెప్పండి.